కథ వింటుంది, పుస్తకం తీస్తే మాత్రం పారిపోతుంది. ఏం చేయాలి?

అరండల్‌పేట_అమ్మ
మా పాప రెండో తరగతి. రాత్రి భోజనాలయ్యాక వాళ్ల తాతయ్య పక్కన చేరి కథ చెప్పమని ప్రాణం తీస్తుంది. అదే కథ ఉన్న పుస్తకం చేతికిస్తే దాహమేస్తుంది, కాలు నొప్పి పుడుతుంది, నిద్ర ముంచుకొస్తుంది. రోజూ అరగంట చదివించి డైరీలో సంతకం పెట్టి పంపమని బడివాళ్లు చెప్పారు. ఆ అరగంట మా ఇంట్లో యుద్ధమే. నాలుగు వాక్యాలు చదువుతుంది, మిగిలిన పేజీలన్నీ వేలితో లెక్కపెట్టి "ఇంకా ఇన్నా?" అంటుంది. తెలుగైతే మరీ కష్టం. నేను ఆ వయసులో పకోడీల పొట్లం విప్పి ఆ కాగితం కూడా చదివేదాన్ని. బలవంతం లేకుండా దీనికి చదువు మీద ఇష్టం కలగాలంటే ఏం చేయాలి? ఫోను తీసేయండి అనే సలహా మాత్రం వద్దు, మేము దానికి ఫోను ఇవ్వనే ఇవ్వము.

పుస్తకాలపురుగు
ఏ పుస్తకం ఇస్తున్నారు? ఎవరు ఎంచుతున్నారు? చదివాక ఏం జరుగుతుంది? ఈ మూడూ చెప్పండి ముందు.

అరండల్‌పేట_అమ్మ
నీతికథల సంపుటి. గట్టి అట్ట, లావు పుస్తకం, పుట్టినరోజుకు ఎవరో ఇచ్చారు. ఏ కథ చదవాలో నేనే చూపిస్తాను. అయ్యాక ఈ కథలో నీతి ఏమిటని అడుగుతాను. బడిలో అలాగే అడుగుతారు కదా.

పుస్తకాలపురుగు
చిక్కంతా అక్కడే ఉంది. కథ అయిన వెంటనే ప్రశ్న ఉంటుందని తెలిస్తే కథలో ఎవరు మునుగుతారు? సినిమా చూసి బయటికి వస్తుంటే గుమ్మం దగ్గర ఒకరు నిలబడి "నీతి చెప్పి వెళ్లండి" అంటే మనం మళ్లీ ఆ హాలు మొహం చూస్తామా? తాతయ్య కథ చెప్పి నీతి అడగరు. అందుకే ఆయన దగ్గరికి పరుగెత్తుతోంది.

నిర్మొహమాటం
ఈ కాలంలో అన్నీ సరదాగానే ఉండాలి. ఎక్కాలు సరదా, అన్నం సరదా, చదువు సరదా. మా నాన్నగారు పక్కన బెత్తం పెట్టుకుని పెద్ద బాలశిక్ష చదివించారు. అరవై దాటినా రోజుకు మూడు పత్రికలు చదవకుండా నాకు తెల్లారదు. క్రమశిక్షణ లేకుండా ఇష్టం కలగదు. అరగంట అంటే అరగంట కూర్చోబెట్టండి. మొదట ఏడుస్తుంది, తరువాత అలవాటవుతుంది.

ఇద్దరు_మగపిల్లలు
నిర్మొహమాటం గారూ, ఆ బెత్తం ముందు మీతోపాటు కూర్చున్న మీ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కూడా రోజుకు మూడు పత్రికలు చదువుతున్నారా?

నిర్మొహమాటం
మా తమ్ముడు చదవడు. వాడు మొదటినుంచీ అంతే.

రెండోతరగతి_టీచర్
ఇరవై ఏళ్లకు పైగా చిన్న తరగతులకే చెబుతున్నాను కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఏడేళ్ల పిల్ల విని అర్థం చేసుకునే కథ వేరు, సొంతంగా కూడబలుక్కుని చదవగలిగే కథ వేరు. రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది. మీ పాప తాతయ్య నోట మంత్రి కుట్ర, రాకుమారి స్వయంవరం హాయిగా వింటుంది. అదే పేజీ మీద "దుష్టుడైన మంత్రి రాజ్యాన్ని హస్తగతం చేసుకోవాలని" అని ఉంటే ఒక్క వాక్యంలో ఎన్ని ఒత్తులో చూడండి. ఒక్కో ఒత్తు దగ్గర ఆగి, గుర్తు చేసుకుని, ముందు అక్షరంతో కలిపేసరికి వాక్యం మొదలు మరిచిపోతుంది. కథ తెలియకపోతే మజా ఎక్కడినుంచి వస్తుంది? మనం దాన్ని బద్ధకం అంటాం. నిజానికి ఆ పిల్ల అలసిపోయింది.

అందుకే ఆ లావు పుస్తకాన్ని మీరే చదివి వినిపించండి. చదవడం వచ్చిన పిల్లలకు చదివి వినిపించడం మానేయడం మన ఇళ్లలో జరిగే పెద్ద నష్టం. దాని చేతికి మాత్రం పేజీకి రెండు మూడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, ఒత్తులు తక్కువగా ఉన్న బొమ్మల పుస్తకం ఇవ్వండి. వయసుకు మరీ చిన్నది అనిపించినా ఫరవాలేదు.

ఇక సరదా సంగతి. మా తరగతిలో ఎప్పుడూ తప్పనిది ఏడు చేపల కథ. అందరికీ నోటికి వచ్చిన కథే. ఒక్కో మాటను ఒక్కో అట్టముక్క మీద రాస్తాను. "చేపా చేపా ఎందుకు ఎండలేదు?" ఒక ముక్క. "గడ్డిమేటు అడ్డమొచ్చింది" ఇంకో ముక్క. గడ్డిమేటు, ఆవు, గొల్లవాడు, అవ్వ, పిల్ల, చీమ, ఇలా చివరిదాకా. పిల్లలు వరుసగా పేర్చుతూ చదువుతారు. "ఎందుకు" అన్న మాట ఎన్నోసార్లు వస్తుంది కనుక మూడో ముక్కకల్లా దాన్ని చూడగానే గుర్తుపడతారు, కూడబలుక్కోరు.

నిర్మొహమాటం
నోటికి వచ్చిన కథను అట్ట చూస్తూ అప్పగించడం బట్టీ అవుతుంది, చదవడం ఎలా అవుతుంది?

రెండోతరగతి_టీచర్
మొదటి రోజు బట్టీయే, కాదనను. రెండో రోజు పిల్లలు చూడకుండా రెండు ముక్కలు తారుమారు చేస్తాను. చేపను "ఎందుకు ఎండలేదు" అని అడిగితే "అవ్వ బువ్వ పెట్టలేదు" అని జవాబు వస్తుంది. తరగతి మొత్తం విరగబడి నవ్వుతుంది. నవ్వాక దాన్ని సరిచేయాలంటే ప్రతి ముక్కా నిజంగా చదవాల్సిందే, బట్టీతో కుదరదు. ఒక పాప చీమ ముక్కను మొదట్లోనే పెట్టి "చేపను కూడా చీమే కుట్టింది, అందుకే ఎండలేదు" అని కొత్త కథ కట్టింది. దాన్ని తనే ఇంకో అట్ట మీద రాసింది. తప్పులతోనే రాసింది, నేను దిద్దలేదు.

డల్లాస్_నాన్న
టీచర్ గారు చెప్పిన వినడం, చదవడం మధ్య దూరం మా ఇంట్లో ఇంకా ఎక్కువ. మా అబ్బాయికి తెలుగు అర్థమవుతుంది, మాట్లాడతాడు, అక్షరాలు మాత్రం వారాంతపు తెలుగు బడిలో నేర్చుకున్నంతే. మాకు కలిసొచ్చిన పద్ధతి చెబుతాను. ఇక్కడ రాత్రి 8 గంటలంటే ఎండాకాలంలో అమ్మకు విజయవాడలో పొద్దున 6.30. కాఫీ తాగుతూ వీడియో కాల్‌లో కూర్చుంటుంది. ఒకే కథ ఆమె దగ్గర, వీడి దగ్గర ఉంటుంది. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ వెబ్‌సైటులో తెలుగు బొమ్మల కథలు ఉచితంగా దొరుకుతాయి, ప్రింటు తీసుకోవచ్చు. చదివే స్థాయిని బట్టి నాలుగు మెట్లుగా విడదీసి పెట్టారు. మేము మొదటి మెట్టులోవే తీస్తాం.

అమ్మ కళ్లజోడు పెట్టుకోకుండా కూర్చుని "నాకు అక్షరాలు కనిపించడం లేదు నాన్నా, ఈ లైను ఏమిటో నువ్వు చెప్పు" అంటుంది. వాడు ఎంత శ్రద్ధగా చదివి చెబుతాడో! తనకు పాఠం చెబుతున్నారని వాడికి తోచదు, నానమ్మకు సాయం చేస్తున్నాననుకుంటాడు.

అమ్మమ్మ_కథలు
మీ అమ్మగారికి నా నమస్కారాలు చెప్పు నాయనా. నేనూ ఇవాళ్టి నుంచి కళ్లజోడు దాచేస్తాను.

మా చిన్నతనంలో మాకు చదువు రుచి తెలిసింది రెండు చోట్ల. ఒకటి రేడియోలో వచ్చే పిల్లల కార్యక్రమం బాలానందం, దాన్ని నడిపిన న్యాపతి రాఘవరావు గారు, కామేశ్వరి గారు. రేడియో అన్నయ్య, అక్కయ్య అంటే చాలు, ఇంటిపేర్లు అక్కర్లేదు. రెండోది చందమామ. 1947 జులైలో తెలుగు, తమిళం రెండింటిలో ఒకేసారి మొదలైన పత్రిక అది. మా ఇంటికి వచ్చేసరికి ముందు ఎవరు చదవాలని తగవు. అందుకని మా అమ్మ ఒక ఏర్పాటు చేసింది. బేతాళ కథ ఒక్కటీ అందరినీ కూర్చోబెట్టి తనే పైకి చదివేది. బేతాళుడు ప్రశ్న అడిగే చోట టక్కున పుస్తకం మూసేది. జవాబు మరునాడు. ఆ రాత్రంతా రాజు చేసింది న్యాయమా అన్యాయమా అని మాలో మాకు వాదనలు. మా పిన్ని కొడుకు మరునాటిదాకా ఆగలేక పొద్దున్నే పుస్తకం వెతికి తీసి దొంగతనంగా జవాబు చదివేసేవాడు. అలా చదువు పట్టుబడింది వాడికి.

చూడమ్మా అరండల్‌పేట, అదీ ప్రశ్నే. కానీ దానికి పిల్లలు తిట్టు తినే జవాబు లేదు. నీతి ఏమిటని అడగకు, "నువ్వయితే ఏం చేసేదానివి?" అని అడుగు.

పుస్తకాలపురుగు
అమ్మమ్మ గారి మాటకు వెయ్యి మార్కులు. ప్రశ్న అసలు అడగవద్దని కాదు నేనన్నది. ఎవరికీ జవాబు ముందే తెలియని ప్రశ్న అడగాలి.

ఇద్దరు_మగపిల్లలు
మా పెద్దవాడికి కథలంటే బొత్తిగా పడదు. దెయ్యాలు, రాజులు, కుందేళ్లు ఏవీ వద్దు. పొద్దున్నే పేపర్లో ఆటల పేజీ మాత్రం లాక్కుంటాడు. ఎవరు ఎన్ని పరుగులు, ఎన్ని బంతులు, అన్నీ చదువుతాడు. వాళ్ల నాన్న అది చదువు కిందకు రాదంటారు. మీరేమంటారు?

నిర్మొహమాటం
రాదు. అంకెలు చూడటం చదవడం కాదు.

రెండోతరగతి_టీచర్
వస్తుంది. "ఉత్కంఠభరితంగా సాగిన పోరులో" అన్న వాక్యాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడు అడగకుండానే చదువుతున్నాడంటే నేనైతే పండగ చేసుకుంటాను. కథలే చదవాలని ఎక్కడుంది? కొందరికి రైళ్లు, కొందరికి పాములు, కొందరికి గ్రహాలు. మా తరగతిలో ఒకడు ట్రాక్టర్ కంపెనీ వాళ్లు పంచిన కరపత్రం నలిగిపోయేదాకా చదివాడు.

సీతాఫల్‌మండి_నాన్న
మేము పుస్తకంతో మొదలుపెట్టనే లేదు. బండి మీద వెళుతున్నప్పుడు బోర్డులు చదివే ఆట ఆడేవాళ్లం. బస్సు బోర్డులు, టిఫిన్ సెంటర్లు, శుభలేఖలు, లారీల వెనక రాతలు. ఒకరోజు ఒక గోడ మీద "ఇచ్చట ప్రకటనలు రాయరాదు" అని ఉంటే మావాడు చదివి "మరి ఇది రాసిందెవరు నాన్నా?" అన్నాడు. ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఇద్దరు_మగపిల్లలు
ఇది మా ఇంట్లో చదివి వినిపించాను. చిన్నవాడు నవ్వి నవ్వి పొలమారాడు.

సీతాఫల్‌మండి_నాన్న
ఆ ఆట వల్ల ఇంకో లాభం. అక్షరాలు ఒక్కో బోర్డు మీద ఒక్కో వంకరలో ఉంటాయి కదా, అన్నీ గుర్తుపట్టడం వచ్చింది. కానీ మావాడు ప, వ, మ, య దగ్గర చాలా కాలం తడబడ్డాడు. ఎప్పటికి సర్దుకోవాలి అది?

రెండోతరగతి_టీచర్
ఒకటో తరగతిలో అందరూ తడబడతారు. బ, భ, థ, ధ కూడా అంతే. రెండో తరగతి అయిపోతున్నా మిగిలిన అన్ని విషయాల్లో చురుగ్గా ఉండి అక్షరాల దగ్గర మాత్రం అలాగే ఉంటే ముందు కంటి పరీక్ష, వినికిడి పరీక్ష చేయించండి. అవి బాగున్నా చదవడం కష్టంగానే ఉంటే డిస్లెక్సియా, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం మాత్రం కష్టమయ్యే ఇబ్బంది, ఉందేమో నిపుణులకు చూపించాలి. అలాంటి పిల్లలను ఇంకో అరగంట ఎక్కువ కూర్చోబెట్టడం అన్యాయం. అరండల్‌పేట గారూ, మీరూ ఒకసారి కళ్లు చూపించి ఉంచండి. పుస్తకం తీయగానే తలనొప్పి, నిద్ర అనే పిల్లల్లో కొందరికి అద్దాలు రాగానే అంతా మారిపోతుంది.

అరండల్‌పేట_అమ్మ
ఈ కోణం నాకు తట్టలేదు, రేపే చూపిస్తాను. ఇప్పటికి నిన్నటి సంగతి ఒకటి. వాళ్ల నాన్న ఒక ఎద్దు కథ చదివి వినిపించారు, ఎద్దు మాటలు మాత్రం పాపను చదవమన్నారు. ఎద్దుకు లావు గొంతు పెట్టి చదివింది. పక్క పేజీలో ఎద్దు లేదు. "ఎద్దు మళ్లీ ఎప్పుడొస్తుంది?" అని తనే పేజీలు తిప్పి వెతికింది. లెక్కపెట్టడానికి కాదు, వెతకడానికి! అయితే బడి డైరీలో అరగంట సంతకం సంగతి ఏం చేయను? తను చదివింది ఐదు నిమిషాలే.

గ్రంథపాలకుడు
మీరు చదివితే తను వింటూ అక్షరాలు చూసిన సమయం కూడా అందులోదే. టీచరుతో ఆ మాటే చెప్పండి. చాలామంది ఒప్పుకుంటారు.

నేను శాఖా గ్రంథాలయంలో పనిచేస్తున్నాను. ఇంతసేపూ ఎవరూ గ్రంథాలయం మాట ఎత్తలేదు, నా మనసు నొచ్చుకుంది. మీరు కట్టే ఆస్తి పన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను ఉంటుంది. 1960 నాటి గ్రంథాలయ చట్టం నుంచి వస్తున్న ఏర్పాటు అది. అంటే అక్కడి పుస్తకాలకు మీరు డబ్బు కట్టేశారు, వచ్చి తీసుకోవడమే మిగిలింది. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం, 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం పెట్టినవాళ్లు పుస్తకాలు పోగుచేశారు. ఆ వారసత్వం ఉన్న మనం పిల్లల్ని మాల్‌కు తీసుకెళ్లినన్నిసార్లు గ్రంథాలయానికి తీసుకెళ్లడం లేదు.

పిల్లలు వచ్చినప్పుడు నేను గమనించేది ఒకటే. తల్లిదండ్రులు బీరువా దగ్గర నిలబడి "ఇది వద్దు, అది తీసుకో" అంటే ఆ పుస్తకం చదవకుండానే తిరిగి వస్తుంది. పిల్లను వదిలేసి వాళ్లు పేపరు చదువుకుంటుంటే, ఆ పిల్ల నేల మీద కూర్చుని పది పుస్తకాలు తిరగేసి, తొమ్మిది పక్కన పడేసి, ఒకటి పట్టుకొస్తుంది. ఆ తొమ్మిదింటినీ పడేసే హక్కు ఇవ్వండి. నచ్చని పుస్తకం సగంలో మూసే హక్కు మనకుంది, వాళ్లకెందుకు ఉండదు?

నిర్మొహమాటం
సగంలో మూయడం నేర్పితే జీవితమంతా సగంలోనే మూస్తారు. ఇది నేను ఒప్పుకోను.

పుస్తకాలపురుగు
పెద్దయ్యాక మీరు మొదలుపెట్టిన ప్రతి నవలా పూర్తి చేశారా?

నిర్మొహమాటం
చేశాను. కొన్నింటికి ఏళ్లు పట్టింది.

డల్లాస్_నాన్న
ఆ ఓపికకు దండం పెట్టాలి.

నిర్మొహమాటం
నేను కాదంటున్నది సరదాను కాదు. రోజూ ఒకే వేళకు పుస్తకం తెరవాలి అంటున్నాను. ఇవాళ మూడ్ లేదు, రేపు చుట్టాలు వచ్చారు అంటూ పోతే ఏ పద్ధతీ నిలవదు.

రెండోతరగతి_టీచర్
ఆ మాట మాత్రం నూటికి నూరు పాళ్లు నిజం. వేళ పెద్దలు పెట్టాలి. పుస్తకం పిల్లలు ఎంచుకోవాలి.

బెత్తం గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. ప్రథమ్ అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు పిల్లల చదువుల మీద గ్రామాల్లో చేసే అసర్ సర్వేలో 2022లో దేశం మొత్తం మీద మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 20.5 శాతమే. 2024లో అది 27.1 శాతానికి పెరిగింది. అంటే నలుగురిలో దాదాపు ముగ్గురికి ఇంకా ఆ పాఠం చదవడం రాదు. ఆ ముగ్గురూ అల్లరి పిల్లలనీ, బద్ధకస్తులనీ అనగలమా? వాళ్ల చేతికి చదవగలిగిన పుస్తకం అందలేదు, పక్కన కూర్చుని చదివేవాళ్లు లేరు.

ఇద్దరు_మగపిల్లలు
పుస్తకానికి ఒక చాక్లెట్ పెడితే ఎలా ఉంటుంది? మా ఆడపడుచు అలా చేస్తుంది, పిల్ల బోలెడన్ని చదివేస్తోంది.

గ్రంథపాలకుడు
మా దగ్గరికి అలాంటి పిల్లలు వస్తారు. అన్నింటికంటే పలచటి పుస్తకం ఎక్కడుందని అడుగుతారు.

అమ్మమ్మ_కథలు
పుస్తకానికి పుస్తకమే బహుమతిగా ఇవ్వాలి. మా ఊరికి విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాను వచ్చేది. మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు, నున్నటి కాగితం, నిండా రంగు బొమ్మలు, ధర చూస్తే చాలా చవక. మా నాన్న తలా కొంత చిల్లర ఇచ్చి "మీ ఇష్టం" అనేవారు. మంచు, ఎలుగుబంట్లు, ఉన్ని టోపీలు మేము ఎన్నడూ చూడలేదు, అయినా వాటినే ఏరుకునేవాళ్లం. సొంత డబ్బుతో కొన్న పుస్తకాన్ని ఎవరూ చదవమని చెప్పనక్కర్లేదు.

సీతాఫల్‌మండి_నాన్న
ఇది ఇప్పుడూ చేయొచ్చు. హైదరాబాదులో ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, చలికాలంలో పుస్తక ప్రదర్శన. విజయవాడలో జనవరి మొదట్లో పుస్తక మహోత్సవం. తెలుగులో చిన్నపిల్లల కోసమే పుస్తకాలు వేసే మంచి పుస్తకం వాళ్లవి అలాంటి చోట చూశాను, బొమ్మలు బాగుంటాయి, ధర అందుబాటులో ఉంటుంది. నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్లవి కూడా.

అరండల్‌పేట_అమ్మ
తీసిన పుస్తకమే మళ్లీ మళ్లీ తీస్తోంది. వారంగా ఎద్దు కథే. మార్చనా?

రెండోతరగతి_టీచర్
వద్దు. తెలిసిన కథలో ముందేం వస్తుందో తెలుసు కనుక ధైర్యంగా చదువుతుంది. అలా చదివి చదివే వేగం వస్తుంది. విసుగు మీకు పుడుతుంది, తనకు కాదు. కావాలంటే మీరు చదివేటప్పుడు కావాలని ఒక మాట మార్చండి, ఎద్దు గడ్డి బదులు ఇడ్లీ తిన్నదనండి. "అలా లేదు" అని పుస్తకం లాక్కుని వేలు పెట్టి చూపిస్తుంది.

గ్రంథపాలకుడు
నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు ఉంటాయి. చాలా శాఖల్లో పిల్లలకు కథలు చెప్పడం, చదవడం పోటీలు పెడతారు. పోటీలకన్నా కథ చెప్పే రోజుకు తీసుకురండి. తాతయ్య గారిని కూడా వెంటబెట్టుకుని రండి, చెప్పేవాళ్ల కోసం మేము ఎప్పుడూ వెతుకుతూనే ఉంటాం.

నిర్మొహమాటం
టీచర్ గారూ, ఆ అట్టముక్కలు ఎంత పెద్దవి ఉండాలి? శనివారం మా మనవడు వస్తున్నాడు. సాయంత్రం ఆరింటికి అని వేళ కూడా పెట్టాను.

రెండోతరగతి_టీచర్
పోస్టుకార్డంత చాలు. పాత శుభలేఖల వెనక వైపు బాగుంటుంది. నల్ల స్కెచ్ పెన్నుతో, మాటకూ మాటకూ మధ్య వేలెడు ఖాళీ వదిలి రాయండి. చీమ ముక్క మాత్రం ముందే చూపించకండి, చివరిదాకా మీ జేబులోనే ఉంచండి.